జర్మన్ బీ2 (ఆరు స్థాయుల్లో నాలుగోది) పరీక్షకు వైజాగ్ నుంచి బయల్దేరే ముందు

- ఒరిజినల్ పాస్‌పోర్ట్ బ్యాగులో ఉందా? బుకింగ్‌లో పేరు, ఇంటిపేరు అందులో ఉన్నట్టే ఉన్నాయా?

- సెంటర్ హైదరాబాద్‌లో పడితే, గోదావరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే దింపేస్తుందిలే అని పరీక్ష రోజుకే టికెట్ తీయొద్దు. ముందు రోజే చేరండి. నిద్రమత్తులో జర్మన్ వినడం మహా కష్టం.

- జర్మన్ భాషా సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ2లో చదవడానికి 65 నిమిషాలు, వినడానికి 40, రాయడానికి 75, మాట్లాడటానికి సుమారు 15. ఒక్కో భాగంలో నూటికి 60 రావాలి. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాయొచ్చు, టెన్షన్ అక్కర్లేదు.

- రాతలో మనవాళ్లు జారేది ఎక్కువగా క్రియ దగ్గరే. 'వైల్' తర్వాత క్రియ చివరికి పోతుంది, అచ్చం తెలుగులాగే. 'డెన్' తర్వాత పోదు. రెండింటికీ అర్థం 'ఎందుకంటే'నే, చిక్కంతా అక్కడుంది! చివరి ఐదు నిమిషాలు క్రియలు సరిచూడటానికే ఉంచుకోండి.

- ఆఫీసు తరహా ఉత్తరంలో 'జీ' అంటే మీరు. మధ్యలో 'డూ' అని నువ్వులోకి దిగొద్దు.

- ఆర్కే బీచ్‌లో నడుస్తూ పాడ్‌కాస్ట్ వినడం బాగానే ఉంటుంది. చివరి వారం మాత్రం గదిలో కూర్చుని, టైమర్ పెట్టుకుని, పెన్ను పట్టుకుని వినండి.