భిన్నాల అసమీకరణాల్లో జవాబు సగమే వస్తోందా? సమస్య - పరిష్కారం

సమస్య: 6/ఎక్స్ < 2 అన్న లెక్కకు మీకు ఎక్స్ > 3 అని వచ్చింది. పుస్తకం వెనక చూస్తే "ఎక్స్ < 0 లేదా ఎక్స్ > 3" అని ఉంది.

కారణం: రెండువైపులా ఎక్స్‌తో గుణించి 6 < 2ఎక్స్ అని రాసి ఉంటారు. సమీకరణాల నుంచి వచ్చిన అలవాటు ఇది. అసమీకరణంలో రుణసంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడాలి. 2 < 5 ను −1తో గుణిస్తే −2 > −5 అవుతుంది. ఎక్స్ ధనమో రుణమో తెలియకుండా గుర్తును అలాగే ఉంచారంటే, అది ధనమేనని అనుకున్నట్టే. రుణసంఖ్యలన్నీ ఆ ఒక్క అడుగులో జారిపోయాయి. −1 వేసి చూడండి: −6 < 2, నిజమే కదా!

పరిష్కారం: గుణించకండి. అన్నీ ఒకవైపుకు తెచ్చి ఒకే భిన్నంగా రాయండి: (6 − 2ఎక్స్)/ఎక్స్ < 0. లవం 3 దగ్గర, హారం 0 దగ్గర సున్నా అవుతాయి. ఈ రెండు బిందువులు సంఖ్యారేఖను మూడు ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్క నుంచి ఒక సంఖ్య వేసి చూడండి. −1 వేస్తే −8, 1 వేస్తే 4, 4 వేస్తే −1/2. మనకు రుణం కావాలి కాబట్టి ఆ చివర, ఈ చివర ఉన్న ముక్కలు రెండూ జవాబే.

ఎక్స్ > 0, ఎక్స్ < 0 అని రెండు సందర్భాలుగా విడగొట్టినా తప్పు లేదు. అయితే రెండో సందర్భంలో ఎక్స్ < 3 అని వస్తుంది. దాన్ని ఎక్స్ < 0 అన్న షరతుతో కలిపి చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. అందుకే నేను సంఖ్యారేఖనే నమ్ముకోమంటాను. హారం తీసేయాలనే పట్టుదల ఉంటే హారం వర్గంతో గుణించండి. హారం సున్నా కాదు కాబట్టి దాని వర్గం ఎప్పుడూ ధనమే, గుర్తు మారదు.

సమస్య: (ఎక్స్ − 1)/(ఎక్స్ + 2) ≤ 0 కు −2 ≤ ఎక్స్ ≤ 1 అని రాస్తే మార్కులు తగ్గాయి.

కారణం, పరిష్కారం: −2 దగ్గర హారం సున్నా, అక్కడ భిన్నమే లేదు. హారాన్ని సున్నా చేసే విలువలను లెక్క మొదట్లోనే పక్కన రాసుకోండి. సరైన జవాబు −2 < ఎక్స్ ≤ 1.

సమస్య: ముక్కల్లో ప్లస్, మైనస్ వరసగా మార్చుకుంటూ పోతే (ఎక్స్ − 1)²(ఎక్స్ − 4)/(ఎక్స్ + 2) ≤ 0 దగ్గర జవాబు తప్పింది.

కారణం: సరి ఘాతం ఉన్న కారణాంకం, ఇక్కడ (ఎక్స్ − 1)², సున్నా అయ్యే చోట గుర్తు మారదు. 1కి అటూ ఇటూ ఈ భిన్నం రుణమే.

పరిష్కారం: గుర్తులను కంఠస్థం చేసిన వరసలో వేయకుండా ప్రతి ముక్కలోనూ ఒక సంఖ్య వేసి చూడండి. జవాబు −2 < ఎక్స్ ≤ 4. ప్రశ్నలో ≤ బదులు < ఉంటే మాత్రం 1నీ 4నీ తీసేయాలి, ఎందుకంటే ఆ రెండు చోట్లా విలువ సున్నా.

సమస్య: ఏ/బీ > 1 అని ఇచ్చారు, మీరు ఏ > బీ అని తేల్చారు. జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే ప్రవేశ పరీక్ష)లో రెండు పరిమాణాలను పోల్చే ప్రశ్నల్లో ఇలాంటి తొందర బాగా దెబ్బతీస్తుంది.

కారణం: బీ గుర్తు ఎవరూ చెప్పలేదు. ఏ = −5, బీ = −2 తీసుకుంటే భిన్నం 5/2, ఒకటి కంటే పెద్దదే. కానీ −5 < −2.

పరిష్కారం: ఈ షరతు వల్ల తెలిసేది ఏ, బీ రెండింటి గుర్తూ ఒకటేనని, పరమ మూల్యం (గుర్తు వదిలేసిన విలువ) బీ కంటే ఏకే పెద్దదని, అంతే. రెండూ ధనమైతే ఏ పెద్దది, రెండూ రుణమైతే బీ పెద్దది. గుర్తు తెలిపే మరో షరతు ప్రశ్నలో లేకపోతే "ఇచ్చిన సమాచారంతో చెప్పలేం" అన్న ఐచ్ఛికమే సరైనది.