పోలీసు ఎంపికల లాంగ్‌జంప్‌కు ఎగురుడు సాధన మొదలుపెట్టే ముందు

ఎత్తు నుంచి దూకి వెంటనే పైకి ఎగిరే డెప్త్ జంప్‌ను మొదటి నెలలో ముట్టుకోవద్దు. నేలను తాకే క్షణాన శరీర బరువుకు కొన్ని రెట్ల భారం కాళ్లపై పడుతుంది కాబట్టి, మోకాలిచిప్ప కింది స్నాయువు దెబ్బతింటే ఆ నొప్పి పరీక్ష తేదీ దాటినా వదలకపోవచ్చు.

దిగేటప్పుడు ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించండి. మోకాళ్లు లోపలికి వాలుతున్నా, పాదాలు ధబ్బున చప్పుడు చేస్తున్నా, కాళ్లు ఇంకా సిద్ధం కాలేదని అర్థం, దూకే ఎత్తు తగ్గించాలి.

సిమెంటు, తారు నేలలు వద్దు, గడ్డి నేల మేలు. ఇసుకలో దెబ్బ తక్కువే గానీ, కాలు కూరుకుపోయి తిరిగి ఎగిరే చురుకు మందగిస్తుంది.

కొత్తవారు రోజుకు 80 దూకుళ్లు దాటకుండా లెక్క రాసుకోవాలి. అలసిన కాలు అదుపు తప్పుతుంది.

రెండు సాధనల మధ్య 48 గంటల విరామం ఉండాలి.