రామోజీ ఫిల్మ్ సిటీలో సినిమా వెనక పనితనం చూడాలంటే టూర్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి. చాలామంది ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. ఫౌంటెన్ ముందు ఒకటి, ఎర్ర బస్సులో ఒకటి, మాహిష్మతి విగ్రహాల దగ్గర పది. ఫొటోలు దిగాల్సిందే, తప్పేం లేదు. అయితే అక్కడ చూడాల్సిన గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. సినిమా అయిపోయాక పైకి జరిగిపోయే పేర్లను చదవకుండానే మనం సీట్లోంచి లేస్తాం కదా, ఆ వడ్రంగులు, మౌల్డర్లు, పెయింటర్లు, సౌండ్ మనుషుల చేతిపని మనకు చేయి చాపితే అందేంత దగ్గరగా కనిపించే చోటు హైదరాబాద్‌లో అదొక్కటే అని నా నమ్మకం. ఆ పని కనిపించేలా రోజును ఎలా మలుచుకోవాలో చెబుతాను.

1. రోజును ఎంచుకోండి

టూర్‌లో ఎక్కువ భాగం ఆరుబయటే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రోజుల్లో వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. కాకపోతే స్కూళ్ల విహారయాత్రలు కూడా అప్పుడే. దసరా, సంక్రాంతి సెలవులూ ఆదివారాలూ వదిలేసి వారం మధ్యలో వెళ్తే గైడ్‌ను నాలుగు ప్రశ్నలు అడిగే తీరిక దొరుకుతుంది. నన్నడిగితే వర్షాకాలంలో తెరిపిచ్చిన రోజు ఇంకా మంచిది. మబ్బు వెలుగులో నీడలు గట్టిగా పడవు, సెట్ మీద వేసిన రంగు పని స్పష్టంగా కనిపిస్తుంది.

2. టికెట్ ముందే తీసుకోండి

ఫిల్మ్ సిటీ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. మామూలు డే టికెట్‌తో పాటు ఏసీ బస్సు, భోజనం కలిపిన ఖరీదైన ప్యాకేజీలూ ఉంటాయి. ఎండకాలమైతేనో, ఇంట్లో పెద్దవాళ్లు వస్తుంటేనో ఏసీ బస్సు పనికొస్తుంది. మిగతా రోజుల్లో మామూలు టికెట్ చాలు. పక్కలు తెరిచి ఉండే బస్సులో కూర్చుంటే సెట్లు అద్దం అడ్డం లేకుండా కనిపిస్తాయి. ధరలు, సమయాలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు చూసుకోండి.

3. పొద్దున్నే చేరుకోండి

ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, హయత్‌నగర్ దాటాక అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉంది. మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు మెట్రోలో చివరి స్టేషన్ ఎల్బీనగర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. సొంత కారుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ వైపు తిరగాలి. గేటు చేరగానే టూర్ మొదలైపోదు. అక్కడ టికెట్ చూపించి, సంచులు చూపించి, వాళ్ల బస్సెక్కి లోపలికి చాలా దూరం వెళ్లాలి. అందుకే తెరిచే వేళకే గేటు దగ్గర ఉండేలా బయల్దేరండి.

ఆ దూరం వెళ్తుంటేనే ఆ చోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ప్రపంచంలో అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డులో ఉన్న లెక్క 1,666 ఎకరాలు. ఈనాడు అధినేత రామోజీరావు దీన్ని 1996లో మొదలుపెట్టారు. 2024 జూన్ 8న ఆయన కన్నుమూశారు. నిర్మాత కథ పట్టుకుని వస్తే, తయారైన సినిమాతో బయటికి వెళ్లేలా అన్నీ ఒక్కచోటే ఉండాలన్నది ఆయన ఆలోచన. పార్కులు, రైడ్లు, పూలతోటలు ఉన్నా లోపల ఇది పనిచేస్తున్న స్టూడియో. ఆ సంగతి గుర్తుంటే టూర్ అంతా వేరేగా కనిపిస్తుంది.

4. బస్సు కంటే ముందు మూవీ మ్యాజిక్ షో చూడండి

గేటు నుంచి వచ్చిన బస్సు దింపే చోటు యురేకా. అక్కడ దిగగానే జనం నేరుగా టూర్ బస్సు క్యూలోకి పరిగెడతారు. రద్దీ బాగా ఉన్న రోజైతే మీరూ అదే చేయండి, క్యూ పెరిగితే మధ్యాహ్నం అయిపోతుంది. రద్దీ లేకపోతే మాత్రం సినిమా ఎలా తీస్తారో చూపించే మూవీ మ్యాజిక్ షోలకు ముందు వెళ్లండి. అక్కడ చూసినదాన్ని తర్వాత బయట సెట్ల మీద పోల్చుకోవచ్చు. షోల సమయాలు లోపలికి రాగానే అడిగి రాసుకోండి.

షోలో ప్రేక్షకుల్లోంచి కొందరిని పిలిచి చిన్న సీన్ చేయిస్తారు. కదలని బండి మీద కూర్చున్న మనిషి తెర మీదికొచ్చేసరికి వేగంగా దూసుకెళ్తుంటాడు. వెనక ఒకే రంగు తెర పెట్టి తీసి, ఆ రంగున్న చోటల్లా వేరే దృశ్యాన్ని అతికించడమే ఇందులోని పద్ధతి. మనవాళ్లు దీన్నే గ్రీన్ మ్యాట్ అంటారు. ఆకుపచ్చే ఎందుకంటే, మనిషి చర్మం రంగుకు అది చాలా దూరం. పైగా డిజిటల్ కెమెరా సెన్సార్‌లో సాధారణంగా సగం బిందువులు ఆకుపచ్చ వెలుగును పట్టేవే, కాబట్టి ఆ రంగు అంచులు శుభ్రంగా దొరుకుతాయి. అవసరాన్ని బట్టి నీలం మ్యాట్ కూడా వాడతారు. మిమ్మల్నో మీ పిల్లల్నో పిలవాలని ఆశగా ఉంటే ఆ రోజుకు ఆకుపచ్చ, ముదురు నీలం బట్టలు వద్దు. మ్యాట్ రంగులో ఉన్న చొక్కా కూడా తెర మీద మాయమవుతుంది.

శబ్దాల భాగాన్ని ఇంకా శ్రద్ధగా వినండి. గుర్రపు డెక్కల చప్పుడు రెండు కొబ్బరి చిప్పలతో వస్తుంది, ఉరుము ఒక పలుచని రేకును ఊపితే వస్తుంది. ఈ పనిని ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద వచ్చిన మాట ఇది. మన సినిమాల్లో ఎక్కువగా మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్తారు కాబట్టి, షూటింగ్‌లో రికార్డయిన అడుగుల చప్పుడు, గాజుల గలగల, తలుపు కిర్రుమనడం అన్నీ ఆ మాటలతో పాటే పోతాయి. వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ పుట్టించాలి. తెలుగు సినిమాను హిందీలోకో తమిళంలోకో డబ్ చేసేటప్పుడు కూడా మాటలు లేని, సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాక్ కావాలి. ఒక భాషలో తీసిన సినిమా ఐదు భాషల్లో విడుదలవుతున్న ఈ రోజుల్లో, కొబ్బరి చిప్పలు పట్టుకున్న మనిషి పని ఎంత విలువైందో ఆలోచించండి.

5. బస్సులో గైడ్‌కు దగ్గరగా కూర్చోండి

కిటికీ సీటు కోసం చివరికి వెళ్లకండి. ముందు వరుసల్లో కూర్చుంటే గైడ్ చెప్పేది పూర్తిగా వినిపిస్తుంది. రకరకాల రాష్ట్రాల జనం ఉంటారు కాబట్టి గైడ్ తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంటారు. మీరు తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు. బాగున్నాయండీ అని ఊరుకోకుండా పని గురించి అడగండి. "అన్నా, ఈ గోడ దేంతో కట్టారు?", "మేడమ్, ఈ వీధిని పోయినసారి ఏ ఊరిగా చూపించారు?", "వానకు ఈ రంగు పోదా?" రోజూ అవే మాటలు చెప్పి అలసిపోయిన గైడ్‌కు ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఉత్సాహం వస్తుంది. సినిమా పేర్లతో సరిపెట్టకుండా పని కబుర్లు చెప్పడం మొదలుపెడతారు.

6. సెట్ ముందు రెండు నిమిషాలు నిలబడండి

బస్సు ఆపి దిగనిచ్చిన చోట మొదటి నిమిషం ఫోన్ జేబులోనే ఉంచండి. ఇక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట భవనం చుట్టూ ఎంతవరకు తిరగనిస్తే అంత తిరగండి. ఇక్కడ కొన్ని భవనాలకు ఒక్కో వైపు ఒక్కో ముఖం ఉంటుంది. ఒక పక్క నుంచి చూస్తే ఎయిర్‌పోర్టు, ఇంకో పక్క తిరిగితే వేరే కట్టడం. యూనిట్ సామాను సర్దుకుని వేరే ఊరు వెళ్లే ఖర్చు, కాలం మిగిలిపోతాయి. విదేశీ వీధుల్లో కొన్నిచోట్ల ముందు గోడ మాత్రమే ఉంటుంది, వెనక ఇనుప పైపుల ఆధారం తప్ప ఏమీ ఉండదు.

తర్వాత గోడ పక్కకు వెళ్లి రాయిని గమనించండి. ముట్టుకోవచ్చంటే వేలితో మెల్లగా తట్టండి, డొల్లగా మోగుతుంది. శిల్పి ముందు బంకమట్టితో అసలు రూపం చేస్తాడు. దానిమీద అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను పీచుతో కలిపి పోస్తే పలక వస్తుంది. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు పోసేవాళ్ల పని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, రెండు చోట్లా అదే నేర్పు. ఆ పలకలను చెక్క ఫ్రేముకు బిగించి అతుకులు పూడుస్తారు. లోపల ఫ్లోర్‌లో, అంటే కప్పున్న షూటింగ్ హాల్లో వేసే సెట్‌కు ప్లాస్టర్ సరిపోతుంది. ఏళ్ల తరబడి వానలో నిలబడాల్సిన బయటి సెట్‌కు ఫైబర్, సిమెంటు కావాలి.

ఇక పెయింటర్ పని. గోడకు ముందు ఒక రంగు వేసి, దానిమీద పలుచని ముదురు రంగు నీళ్లు పూసి గుడ్డతో తుడుస్తారు. పగుళ్లలో, మూలల్లో ముదురు రంగు మిగిలిపోతుంది. తర్వాత దాదాపు ఎండిన బ్రష్‌తో అంచుల మీద లేత రంగు తాకిస్తారు. నిన్న కట్టిన గోడకు మూడొందల ఏళ్ల వయసు వస్తుంది. చాలాసార్లు నీడను కూడా రంగుతోనే గీస్తారు. ఎండ ఏ వైపు ఉందో చూసి, గోడ మీది నీడ దానికి తగ్గట్టు ఉందా లేదా అని పిల్లలను కనిపెట్టమనండి. మంచి ఆట ఇది.

రైల్వే స్టేషన్ దగ్గర పసుపు బోర్డు మీద కళ్లు పెట్టండి. స్టేషన్‌ను ఆంధ్రా నుంచి బీహార్‌కు మార్చడానికి ఆ బోర్డు మీది ఊరి పేరు, టీ కొట్టు మీది అక్షరాలు, గోడ మీది పోస్టర్లు మారిస్తే చాలు. ఆ పనులన్నీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వే. మనవాళ్లు గొప్పగా చెప్పుకునే 24 క్రాఫ్ట్స్‌లో ప్రేక్షకులు అతి తక్కువ గుర్తించేది బహుశా వీళ్లనే.

7. మాహిష్మతి దగ్గర తల పైకెత్తి చూడండి

‘బాహుబలి’ సెట్ దగ్గర కొందరు కాస్త నిరుత్సాహపడతారు. థియేటర్లో ఆకాశాన్నంటిన కోట ఇంత చిన్నదా అంటారు. తెర మీద చూసిన ఎత్తంతా అక్కడ కట్టలేదు. నటులు నడిచే, తాకే, పోట్లాడే మేరకు నిజంగా కట్టి, పైనా వెనకా గ్రాఫిక్స్‌లో పెంచారు. కాబట్టి మీరు వెతకాల్సింది ఆ గీతనే. ఏ ఎత్తు దగ్గర చేతిపని ఆగిపోయి, కంప్యూటర్ పని మొదలై ఉంటుంది? ఇంటికొచ్చాక ఆ సీన్లు మళ్లీ పెట్టుకుని మీ అంచనా సరిచూసుకోండి.

8. షూటింగ్ కనిపిస్తే

పనిచేస్తున్న స్టూడియో కనుక ఎక్కడో ఒకచోట షూటింగ్ జరుగుతుండొచ్చు. అటు వైపు టూర్ బస్సును మళ్లిస్తారు, లోపలి ఫ్లోర్లలోకి సందర్శకులను పంపరు. గైడ్‌తో వాదించకండి. దూరం నుంచి కనిపించినా నటుల కోసం వెతక్కుండా చుట్టూ చూడండి. జనరేటర్ వ్యాన్, లైట్లు మోస్తున్న మనుషులు, పెద్ద తెల్లటి గుడ్డతో ఎండను మెత్తబరుస్తున్నవాళ్లు, చెట్టు కింద కాస్ట్యూమ్‌లో భోజనం చేస్తున్న జూనియర్ ఆర్టిస్టులు కనిపిస్తారు. వాళ్లను అడగకుండా ఫొటో తీయొద్దు. పనిలో ఉన్న మనుషులు వాళ్లు.

9. తిండి, నడక

బయటి తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు. పసిపిల్లలకు పాలు, పెద్దవాళ్లకు మందులు ఉంటే గేటు దగ్గరే చెప్పండి. ఒంటిగంటకు అందరూ ఒకేసారి హోటళ్ల మీద పడతారు, పన్నెండుకే తినేయండి. పాత చెప్పులు లేదా బూట్లు, టోపీ, నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్ తప్పనిసరి. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, రైడ్లు మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి. సాయంత్రం ఆఖరి షో అవగానే తిరుగు బస్సుల దగ్గర తోపులాటగా ఉంటుంది. చిన్నపిల్లలుంటే అరగంట ముందే కదలండి.

10. మీ పిల్లలకు ఆసక్తి పుడితే

గోడను తట్టి చూసిన పిల్లవాడు, మ్యాట్ గురించి పదిసార్లు అడిగిన అమ్మాయి మీ ఇంట్లో ఉంటే, సినిమా అంటే హీరో, డైరెక్టర్ మాత్రమే అని చెప్పి ఆపకండి. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పం, పెయింటింగ్, ఫొటోగ్రఫీ డిగ్రీ చదువులున్నాయి. అన్నపూర్ణ స్టూడియోస్‌కు సొంత ఫిల్మ్ కాలేజీ ఉంది. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. ఇంట్లో అట్టపెట్టె, పాత న్యూస్‌పేపర్, మైదా జిగురు, రెండు రంగు డబ్బాలు ఇచ్చి ఒక రాతి గోడ చేయమనండి. మొదట ముదురు రంగు తుడవడం, తర్వాత ఎండు బ్రష్. దూరం నుంచి ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే, తాము చేసిన అట్ట రాయిలా ఎక్కడ కనిపిస్తోందో, ఎక్కడ తేలిపోతోందో వాళ్లే చెప్తారు.