ప్యానెల్ లైన్లు పాడవుతున్నాయా? సమస్య - పరిష్కారం

ప్లాస్టిక్ విమానం మోడల్‌కి రంగులు అయ్యాక ప్యానెల్ లైన్లు (రేకుల అతుకుల్లా కనిపించే సన్నని గాడి గీతలు) వాష్‌తో, అంటే బాగా పల్చటి రంగుతో, నింపుతుంటే ఏదో ఒకటి తేడా కొడుతుంది. అందరూ వాష్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు వాష్‌ది కాదు, దాని కింద ఉన్న పూతది. టామియా కంపెనీ ప్యానెల్ లైన్ యాక్సెంట్ లాంటి ఎనామెల్ (నూనె ఆధారిత) వాష్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

గీత చుట్టూ మరక, తుడిచినా పోదు

మ్యాట్ రంగు మన కంటికి నున్నగా కనిపించినా గరుకే. వాష్ ఆ గరుకులోకి ఇంకిపోతుంది. నా 1/48 (అసలులో 48వ వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఎడమ రెక్క ఇలాగే మసి పట్టినట్టయింది, మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది.

ముందు గ్లాసీ క్లియర్ కోట్ (మెరిసే పారదర్శక పూత) కొట్టండి. టామియా ఎక్స్-22 అనే అక్రిలిక్ క్లియర్ సరిపోతుంది. కనీసం ఒక రోజు ఆరనివ్వండి. వాన ముసురు పట్టిన రోజు మాత్రం స్ప్రే వద్దు, కోటు తెల్లగా పాలిపోయే ప్రమాదం ఉంది. ఆరాక రెండు గీతలు కలిసే మూల దగ్గర బ్రష్ కొనని అలా తాకించి వదిలేయండి. వత్తికి నూనె ఎక్కినట్టు వాష్ తనంతట తానే గాడి వెంట పాకుతుంది. ఆ పాకడం చూస్తుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది! అరగంట ఆగి, ఎనామెల్ థిన్నర్‌లో ముంచిన ఇయర్ బడ్‌ని టిష్యూ మీద ఒత్తి, రెక్క ముందు అంచు నుంచి వెనక్కి తుడవండి.

తుడిస్తే గీతలో వాష్ కూడా పోతోంది

బడ్ మరీ తడిగా ఉంది, లేదా గీత వెంబడే తుడుస్తున్నారు. ముందు నుంచి వెనక్కి పోయే గీతలైతే వాటికి అడ్డంగా తుడవండి.

తుడిస్తే కింది రంగు లేచిపోతోంది

కింద కూడా ఎనామెలే ఉంటే అది కరుగుతుంది. మధ్యలో ఎనామెల్ థిన్నర్‌కి కరగని అక్రిలిక్ క్లియర్ ఉండాలి. థిన్నర్ సీసా కూడా ఒకసారి చూసుకోండి. టామియా ఎక్స్-20 ఎనామెల్‌ది, ఎక్స్-20ఏ అక్రిలిక్‌ది. రెండోది వాడితే ఎక్స్-22 కోటే ఊడి వస్తుంది.

ప్లాస్టిక్ పగిలింది

ఇది గుండె కలుక్కుమనిపించే సమస్య. రంగు వేయని ప్లాస్టిక్‌లోకి, ముఖ్యంగా బిగుతుగా నొక్కి బిగించిన జాయింట్లలోకి థిన్నర్ దిగితే అది పెళుసుబారి చిట్లుతుంది. గన్‌డామ్ రోబో కిట్లలో ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ భాగాలకి ఈ భయం మరీ ఎక్కువ. విరిగినదాన్ని అతికించుకోవడమే, వెనక్కి తేలేం. అలాంటి చోట ఎనామెల్ ముట్టకుండా నీటి ఆధారిత మార్కర్ పెన్ వాడండి.

మోడల్ కార్టూన్ బొమ్మలా ఉంది

నల్ల వాష్ వల్ల. 1/48లో 0.2 మి.మీ. గీత అంటే అసలు విమానంలో 9.6 మి.మీ. సందు! దాన్ని కారు నలుపుతో నింపితే కళ్లకి కొట్టకుండా ఎలా ఉంటుంది? తెలుపు మీద బూడిద రంగు, ఆకుపచ్చ, ఇసుక రంగుల మీద ముదురు గోధుమ రంగు వేయండి.

గీత మధ్యలో తెగిపోతోంది

గాడి రంగుతో పూడిపోయింది. తర్వాతి కిట్‌కి ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) వేయకముందే సూదితో గాళ్లని కాస్త లోతు చేసుకోండి. పాత కిట్లలో గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటి మీద వాష్ నిలవదు. సన్నగా చెక్కిన పెన్సిల్ చాలు.