ప్రమాదకర సరుకుల రవాణా – పాఠం 4: పత్రంలో రాయవలసిన పేరు

గత పాఠంలో తొమ్మిది తరగతుల విభజనను చూశాం. తరగతి తెలిసినంత మాత్రాన రవాణా పత్రం పూర్తికాదు. ఐక్యరాజ్యసమితి జాబితాలో ఆ సరుకు ఏ పేరుతో, ఏ యూఎన్ నంబరుతో ఉందో అదే రాయాలి. దీన్ని ప్రాపర్ షిప్పింగ్ నేమ్ అంటారు. బ్రాండు పేరు, గోదాములో పిలుచుకునే పేరు, ఇన్‌వాయిస్‌లోని పేరు దాని స్థానంలో చెల్లవు. ఎగుమతి పత్రాల్లో ఇది ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక ఇక్కడా ఆ ఉచ్చారణతోనే ఇస్తున్నాను.

1996 మే 11న మయామీ నుంచి బయలుదేరిన వాల్యూజెట్ 592 విమానం సరుకు గదిలో, ఇతర విమానాల నుంచి విప్పి తీసిన రసాయన ఆక్సిజన్ జనరేటర్లు (రసాయన చర్యతో ఆక్సిజన్ పుట్టిస్తూ బాగా వేడెక్కే పరికరాలు) అట్టపెట్టెల్లో ఉన్నాయి. పత్రంలో వాటిని ఆక్సిజన్ డబ్బాలుగా, ‘ఖాళీ’వని రాశారు. గడువు తీరడం వేరు, ఖాళీ కావడం వేరు. వాటిలో చాలావాటిలో రసాయనం అలాగే ఉంది. మంట చెలరేగి విమానం కూలింది, 110 మంది చనిపోయారు. భద్రతా మూతలు పెట్టకపోవడం వంటి తప్పులు ఇంకా ఉన్నాయి, కానీ ఆ పెట్టెలను ఆపగలిగిన చివరి అవకాశం కాగితం మీది పేరే. ఈ పాఠం నేర్పేటప్పుడల్లా ‘ఖాళీ’ అన్న ఆ ఒక్క మాట నాకు గుర్తుకొస్తుంది.

ఇక వెతికే పద్ధతి. ముందుగా సరుకు సొంత పేరు జాబితాలో ఉందేమో చూడాలి. అసిటోన్‌కు ఉంది, యూఎన్ 1090. లేకపోతే పెయింట్లు, జిగురు పదార్థాలు, పరిమళ ద్రవ్యాల వంటి సమూహం పేరు చూడాలి. అదీ కుదరకపోతే ‘ఆల్కహాల్స్, ఎన్.ఓ.ఎస్.’ వంటి రసాయన కుటుంబం పేరు. ఏదీ సరిపోనప్పుడే ‘ఫ్లేమబుల్ లిక్విడ్, ఎన్.ఓ.ఎస్.’ వంటి సాధారణ పేరు. ఎన్.ఓ.ఎస్. అంటే మరెక్కడా పేర్కొననిది అని అర్థం. మెట్టు మెట్టుగా దిగాలి తప్ప, వెతకడానికి బద్ధకించి నేరుగా అడుగుకు దూకకూడదు.

మెథనాల్‌ను తీసుకోండి. దానికి సొంత పేరు ఉంది: యూఎన్ 1230, తరగతి 3, ఉపప్రమాదం 6.1. అంటే మండుతుంది, విషం కూడా. దీన్నే ఎవరైనా ‘ఆల్కహాల్స్, ఎన్.ఓ.ఎస్.’, యూఎన్ 1987 అని రాస్తే తరగతి 3 మాత్రమే మిగిలి, విషమన్న సంగతి పత్రం నుంచి, దానితోపాటు డ్రమ్ము మీది లేబుల్ నుంచి కూడా మాయమవుతుంది. కారుతున్న డ్రమ్ము దగ్గరకు వెళ్లే మనిషికి ఆ లేబుల్ తప్ప మరో ఆధారం ఉండదు.

బజారులో ‘థిన్నర్’ అనే మాట ఎన్నో ద్రావకాలకు వాడతారు. డబ్బాలో ఉన్నది పెయింటును పలచన చేయడానికి కలిపిన మిశ్రమమైతే ‘పెయింట్ రిలేటెడ్ మెటీరియల్’, యూఎన్ 1263. కేవలం టోలుయీనే అయితే ‘టోలుయీన్’, యూఎన్ 1294. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి గాఢతను బట్టి పేరు మారుతుంది: 51 శాతం మించితే యూఎన్ 1830, మించకపోతే యూఎన్ 2796. రెండూ తరగతి 8 (తాకినదాన్ని తినివేసేవి), ప్యాకింగ్ గ్రూపు (ప్రమాద తీవ్రతను చెప్పే అంకె) రెండే అయినా ఒకదాని బదులు మరొకటి రాయడం తప్పే.

హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమల్లో మిగిలే ద్రావకాల మిశ్రమాలకు తరచుగా ఎన్.ఓ.ఎస్. పేరు తప్పదు. అప్పుడు ప్రమాదానికి ముఖ్య కారణమైన ఒకటి రెండు రసాయనాల పేర్లను బ్రాకెట్లలో చేర్చాలి. సముద్ర రవాణా పత్రంలో ఆ వరుస ఇలా ఉంటుంది:

యూఎన్ 1993, ఫ్లేమబుల్ లిక్విడ్, ఎన్.ఓ.ఎస్. (అసిటోన్, ఇథైల్ అసిటేట్), 3, ప్యాకింగ్ గ్రూపు రెండు

నంబరు, పేరు, తరగతి, ప్యాకింగ్ గ్రూపు అన్న ఈ క్రమాన్ని మార్చకూడదు, మధ్యలో సొంత మాటలు చొప్పించకూడదు.

సేఫ్టీ డేటా షీటులోని 14వ విభాగంలో రవాణా పేరు ఉంటుంది. దాన్ని జాబితాతో పోల్చి చూశాకే పత్రంలోకి ఎక్కించండి.

అభ్యాసం: 200 లీటర్ల డ్రమ్ము మీద సుద్దముక్కతో ‘ఐపీఏ’ అని ఉంది, గోదాము చీటీలో ‘స్పిరిట్’ అని ఉంది, డేటా షీటులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతం అని ఉంది. జాబితాలోని పేరు వెతికి, పై క్రమంలో ఒక వరుస రాయండి. జవాబును పాఠం 5 మొదట్లో సరిచూద్దాం.