మనవాళ్లకు మనసు విప్పి ఉత్తరం రాయడం ఎలా?

మా అవ్వకు చదువు రాదు. చిత్తూరు జిల్లా పెనుమూరు దగ్గర పల్లెలో ఆమె అరుగు మీద కూర్చుని చెబుతుంటే, మిలటరీలో ఉన్న మా చిన్నాయనకు ఉత్తరం రాసే పని నాది. అప్పుడు నేను అయిదో తరగతి. ఒకసారి ‘ఎర్రావు ఈనింది’ అని రాసి తలెత్తాను. “పెయ్యదూడ అని రాసినావా?” అంది. రాశాను. “నొసట్లో తెల్లమచ్చ ఉండాదని రాసినావా?” అంది. ఇన్‌లాండ్ లెటర్‌లో చోటు అయిపోతోందని నా తొందర. “మచ్చ రాయకుంటే వానికి దూడ ఎట్లా కనపడతాది రా?” అని, అది రాసేదాకా ఇంకో మాట చెప్పలేదు. చిన్నాయన సెలవు మీద వచ్చినప్పుడు భుజం మీది సంచి కూడా దించకుండా కొట్టంలోకి వెళ్లి ఆ దూడ నొసలు నిమిరాడు. ఉత్తరం ఎలా రాయాలో నేను నేర్చుకున్నది ఆ రోజే.

రోజూ వీడియో కాల్‌లో చూసుకునేవాళ్లకు కూడా ఉత్తరం రాయొచ్చు. ఫోన్‌లో మాట ‘తిన్నావా, పనికి పోయినావా’ దగ్గరే ఆగిపోతుంది. మనసులో ఉన్నది బయటికి వచ్చేలోపు సిగ్నల్ పోతుంది, లేదంటే పక్కన ఎవరో పిలుస్తారు. కాగితం ముందు ఆ ఇబ్బంది లేదు.

1. ఒక్కరికే రాయండి

‘ఇంట్లో అందరికీ’ అని మొదలుపెడితే ఎవరికీ రాసినట్టు ఉండదు. అమ్మకైతే అమ్మకే, బెంగళూరులో ఉన్న తమ్ముడికైతే తమ్ముడికే. పుట్టినరోజో పండగో రావాలని కాచుకోనక్కర్లేదు.

2. కాగితం, పెన్ను

ఖరీదైనవి వద్దు. పిల్లల లాంగ్ నోట్‌బుక్‌లో చింపిన రూళ్ల కాగితం చాలు. పెన్ను మాత్రం బాల్‌పెన్ తీసుకోండి. మన చిత్తూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. కవర్ తడిస్తే జెల్ పెన్ను అక్షరాలు అలికేసినట్టు అయిపోతాయి.

పోస్ట్‌కార్డు 50 పైసలు, ఇన్‌లాండ్ లెటర్ 2.50 రూపాయలు. కార్డును దారిలో ఎవరైనా చదవొచ్చు కాబట్టి మనసు విప్పే మాటలకు అది పనికిరాదు. ఇన్‌లాండ్ లెటర్ లోపల ఫొటో, కాగితం లాంటివేవీ పెట్టకూడదు. కవర్ అయితే 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. మామూలు ఏ4 కాగితం ఒకటి 5 గ్రాముల వరకు ఉంటుంది, కాబట్టి రెండు కాగితాలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

3. ముందు చిత్తు

ఒక పిచ్చి కాగితం మీద, ఈ వారం మీ కంటపడినవి నాలుగైదు గబగబా రాసుకోండి. వానకు తిరుపతి కపిలతీర్థంలో జలపాతం దూకుతోంది. గంగమ్మ జాతరకు పక్కింటి పిల్లోడు వేషం కడితే, సొంత అమ్మమ్మే గుర్తుపట్టలేదు. ఊరికి పోతే గానుగ ఆడుతున్నారు, బెల్లం వాసన చొక్కాకు పట్టింది. ఇలాంటివి. వాక్యాలు కుదరాల్సిన పనిలేదు. రాసేటప్పుడు ‘ఏం రాయాలబ్బా’ అని పెన్ను ఆగకుండా ఉండటానికే ఇది.

4. మొదలుపెట్టడం

కుడివైపు పైన ఊరు, తేదీ. పెద్దవాళ్లకైతే మధ్యలో ‘శ్రీ’ అని పెట్టండి, వాళ్ల కన్ను ముందు దాన్నే వెతుకుతుంది. ‘పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది’ అనే పాత వరస నాకు ఇష్టమే, కానీ ఇంట్లో ‘నాయనా’ అని పిలిచేవాళ్లు కాగితం మీద ‘నాన్నగారు’ అంటే ఆయనకే కొత్తగా ఉంటుంది. నోటితో ఎలా పిలుస్తారో అలాగే రాయండి. యాస కూడా దాచకండి.

మొదటి వాక్యం మాత్రం ‘ఇక్కడ అందరం క్షేమం’ అనే ఉండాలి. ఉత్తరాలే రాని ఈ రోజుల్లో ఉన్నట్టుండి ఒకటి వస్తే పెద్దవాళ్లకు టెన్షన్. ఆ ఒక్క మాటతో గుండె కుదుటపడి, మిగతాది నింపాదిగా చదువుకుంటారు. శుభవార్త అయితే కాగితం నాలుగు మూలలా పసుపు అద్దండి. విప్పకముందే సంగతి తెలిసిపోతుంది.

5. అసలు మాట

చాలామంది ఇక్కడే తడబడతారు. ‘అమ్మా, నువ్వంటే నాకు చాలా ఇష్టం, మా కోసం ఎంతో కష్టపడ్డావు’ అని రాసి, ఆపైన తోచక ఆగిపోతారు. అందులో అబద్ధం లేదు. కానీ అది ఏ అమ్మకైనా ఎవరైనా రాయగలిగిన మాట. దాన్నే ఇలా రాసి చూడండి:

‘అమ్మా, నేను పదో తరగతి పరీక్షలకు తెల్లారి నాలుగింటికే లేచి చదువుతా ఉంటే, నువ్వు పక్కన చెనక్కాయలు ఒలుస్తా కూర్చునేదానివి. పోయి పడుకోమంటే నిద్ర రావడం లేదనేదానివి. ఇప్పుడు పాప పరీక్షలకు చదువుతా ఉంటే నేనూ చెనక్కాయలు పెట్టుకుని కూర్చున్నా. నాకు బాగా నిద్ర వస్తా ఉందమ్మా.’

ఇష్టం, ప్రేమ, త్యాగం అన్న మాటలు ఇందులో ఎక్కడా లేవు. చదివాక ఆ అమ్మ కాసేపు ఎవరితోనూ మాట్లాడదు. మీ ఉత్తరంలో ఇలాంటి సంగతి ఒక్కటి ఉంటే చాలు, తక్కినదంతా మామూలు కబుర్లయినా ఫరవాలేదు.

క్షమించమని అడగాలనుకుంటే, చేసిన తప్పును పేరుపెట్టి చెప్పండి. ‘కానీ నువ్వు కూడా’ అనే మాట వస్తే ఆ వాక్యం కొట్టేయండి.

మనసు విప్పి రాసే ఉత్తరంలో పని మాటలు కలపకండి. ఒకసారి మా అక్కకు చిన్నప్పటి సంగతులన్నీ రెండు పేజీలు రాసి, చివర్లో భూమి కాగితాల మీద సంతకం విషయం కూడా అడిగాను. అక్క ఫోన్ చేసి సంతకం ఎప్పుడు పెట్టాలో కనుక్కుని పెట్టేసింది. ఆ రెండు పేజీల గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. నేను సంతకం కోసమే అవన్నీ రాశానని అనుకుని ఉంటుంది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

6. రాత

చేతిరాత బాగాలేదని వెనకాడకండి. మీ వంకర అక్షరాల్లో వాళ్లకు మీరే కనపడతారు. తప్పు పోతే ఒక గీత కొట్టి ముందుకు సాగండి. చూపు తగ్గిన పెద్దలకైతే పెద్ద అక్షరాలతో, లైను వదిలి లైను, ఒకవైపే రాయాలి.

7. అడ్రస్

పిన్‌కోడ్ మనకు 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెల్లో మొదటి మూడూ ఉత్తరాలు వేరుచేసే ఏ (సార్టింగ్) జిల్లాకు పోవాలో, చివరి మూడూ ఏ పోస్టాఫీసు పంచాలో చెబుతాయి. తిరుపతికి 517501, చిత్తూరుకు 517001 ఉన్నట్టే మీవాళ్ల వీధి ఏ పోస్టాఫీసు కిందికి వస్తుందో అడిగి రాయండి. ఒక్క అంకె తప్పు వేసి నేను పంపిన ఉత్తరం ఎక్కడెక్కడో తిరిగి మూడు వారాలకు చేరింది. తిరుపతి 2022 ఏప్రిల్ 4 నుంచి వేరే జిల్లా. అలవాటుకొద్దీ ‘చిత్తూరు జిల్లా’ అని రాసేస్తుంటాం, చూసుకోండి. పిన్‌కోడ్‌లు మాత్రం పాతవే. మిలటరీలో ఉన్నవాళ్లకు ఊరి పేరు రాయరు. నంబరు, పేరు, యూనిట్ రాసి, కింద వాళ్లు చెప్పిన ఆర్మీ పోస్టాఫీసు (ఏపీఓ) నంబరును బట్టి ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో, ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అనో రాయాలి.

కవర్ మీద మీ అడ్రస్ కూడా ఉండాలి. అంటించడానికి జిగురు వాడండి, స్టేప్లర్ పిన్ను కొట్టకండి.

8. పోస్టు చేయడం

ఎర్ర డబ్బా మీద ఎన్ని గంటలకు ఉత్తరాలు తీస్తారో రాసి ఉంటుంది. ఆ టైముకు ముందే వేయండి. మామూలు ఉత్తరానికి ట్రాకింగ్ ఉండదు. తప్పకుండా చేరాలంటే స్పీడ్ పోస్ట్ చేయండి, రిజిస్టర్డ్ పోస్ట్‌ను 2025లో అందులోనే కలిపేశారు.

వేశాక ఫోన్‌లో ‘అందిందా, చదివావా’ అని అడగకండి. అందులో ఏం రాశారో ముందే చెప్పేయకండి.

జవాబు వస్తే పాతకాలంలోలాగా తీగకు గుచ్చవద్దు. మా అవ్వ చిన్నాయన ఉత్తరాలన్నీ గోడకు వేలాడే తీగకే గుచ్చేది. తుప్పు పట్టి, ప్రతిదాంట్లోనూ మధ్యలో రెండు మాటలు పోయాయి. మడత పెట్టిన మడతలోనే ఉంచి, రెండు ఎండు వేపరెబ్బలు వేసి, రేకు డబ్బాలో దాచండి.