పెరుగు తోడుకోలేదు, కుక్కర్ కూయలేదు: మా ఇంటి రిపేర్ల చిట్టా

మా ఇంట్లో ఏది పాడైనా ముందు వచ్చే ప్రశ్న "ఏమైంది?" కాదు, "ఎవరు ముట్టుకున్నారు?" ఆ విచారణ తేలేసరికి చేతిలో కాఫీ చల్లారిపోతుంది, పాడైంది మాత్రం పాడైనట్టే ఉంటుంది. హైదరాబాద్‌లో ఆరుగురం ఉండే ఇల్లు మాది. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఇంటర్ చదివే మావాడు, ఏడో క్లాసు పాప. పద్ధెనిమిదేళ్ల కాపురంలో నాకు తేలిందేమిటంటే, ఏ సమస్యకైనా ఒక కారణం వస్తువులో ఉంటుంది, ఇంకోటి మనుషుల్లో ఉంటుంది. రెండూ రాస్తున్నాను. మొదటిదానికైతే మందుంది.

సమస్య: పెరుగు తోడుకోలేదు

లక్షణం: పొద్దున్నే మూత తీస్తే పాలు పాలలాగే తొణుకుతుంటాయి. అత్తయ్య గిన్నె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తారు. ఏమీ అనరు. అంటేనే నయం.

కారణం: డిసెంబర్, జనవరి అయితే చలి. తోడులో ఉన్నవి బతికున్న బ్యాక్టీరియా. వాటికి 40 డిగ్రీలు, కాస్త అటూ ఇటూగా వెచ్చదనం ఉండాలి. చల్లటి పాలల్లో వేస్తే ముడుచుకుని పడుకుంటాయి, పొగలు కక్కే పాలల్లో వేస్తే చచ్చిపోతాయి. ఏది జరిగిందో తెలుసుకోవడం తేలికే. వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, అందులో పెరుగు గిన్నె పెట్టి, మూతేసి రెండు గంటలు కదపకుండా వదిలేయండి. గడ్డకట్టడం మొదలైతే చలి దోషం. అప్పటికీ కమ్మటి పాలవాసనే వస్తుంటే తోడు చచ్చినట్టు, మళ్లీ వేయాల్సిందే.

పరిష్కారం: చిటికెన వేలు పాలల్లో ముంచి పది లెక్కపెట్టండి. హాయిగా పది దాకా వెళ్లారంటే వేడి సరిపోయింది. నాలుగుకే చురుక్కుమంటే ఇంకాస్త ఆగాలి. లీటరు పాలకి ఎండాకాలం ఒక చెంచా తోడు చాలు, చలికాలం రెండు. ఫ్రిజ్‌లోంచి తీసిన తోడుని కాసేపు బయట ఉంచి, చిలికి వేయండి. ముద్దగా పడేస్తే ముద్ద దగ్గరే ఉండిపోతుంది. ఆపైన గిన్నెకి పాత తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దించండి. బియ్యం మధ్యలో వేడి అంత తొందరగా పోదు. మే నెలలో నాలుగైదు గంటల్లో అయ్యే పని చలికాలంలో ఎనిమిది, పది గంటలు పడుతుంది. మధ్యలో మూత తీసి చూడొద్దు. ఈ మాట రాస్తున్న నేనే రాత్రి పదకొండింటికి ఒకసారి తీసి చూస్తాను.

ఇక మనుషుల్లో ఉన్న కారణం. "మీరు వేశారనుకున్నా అత్తయ్యా." "నువ్వు వేశావనుకున్నానమ్మా." ఒక్కోసారి ఇద్దరం వేస్తాం. దానివల్ల ప్రమాదం లేదు, పెరుగు త్వరగా పులుస్తుందంతే. దీనికో ఉపాయం కనిపెట్టాను. తోడు వేసినవాళ్లు మూత మీద చెంచా బోర్లించాలి. చెంచా ఉంటే తోడు పడినట్టు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఐదో రోజు రాత్రి మంచినీళ్లకి లేచిన మామయ్య, చెంచా ఎక్కడపడితే అక్కడ పడేశారేంటని కడిగి స్టాండులో పెట్టేశారు.

పెరుగు తీగలా సాగుతుంటే అది వేరే జబ్బు. తోడులో అక్కర్లేని రకం చేరింది. పాత తోడు మానేసి పక్కింట్లో అడగండి. మధ్యాహ్నమే వెళ్లండి, దీపాలు పెట్టే వేళ దాటితే పెరుగు ఇవ్వనివాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరూ ఇవ్వకపోతే పచ్చిమిరప తొడిమలు నాలుగు గోరువెచ్చటి పాలల్లో వేసి చూడొచ్చని అత్తయ్య అంటారు. మా ఇంట్లో ఒకసారి పట్టింది, ఒకసారి పట్టలేదు. చుట్టాలు వచ్చేరోజు మాత్రం ఆ ప్రయోగం వద్దు.

సమస్య: కుక్కర్ కూయదు, కూస్తే పప్పంతా కక్కుతుంది

విజిల్ రాకుండా మూత అంచు నుంచి బుసబుసమంటుంటే రబ్బరు సాగిపోయింది. పావుగంట డీప్ ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఆ పూటకి బిగుస్తుంది. పూటపూటకీ అదే పని అవుతుంటే కొత్తది కొనండి, మీ కంపెనీ మీ సైజుది. అంచు నుంచీ రాక, పైనుంచీ రాక స్తబ్ధుగా ఉంటే వెయిట్ కూర్చునే గొట్టం మూసుకుంది. స్టవ్ కట్టేసి, ఆవిరంతా దిగి కుక్కర్ చల్లారాకే మూత తీసి, వెలుగుకెదురుగా పెట్టి గొట్టంలోంచి చూడండి. అవతల ఆకాశం కనిపించాలి. మా కుక్కర్‌లో ఒకసారి ఆకాశానికి బదులు కందిపప్పు పొట్టు కనిపించింది. సన్నటి పుల్లతో పొడిస్తే వచ్చేసింది.

పప్పు పైకి కక్కి, స్టవ్ మీద పసుపు చారలు కట్టి, గోడ మీద చుక్కలు పడుతున్నాయంటే కుక్కర్ సగం దాటి నింపారు, లేదా మంట పెద్దది పెట్టారు. పప్పు నురగ కడుతుంది. అందుకే సగానికి మించొద్దంటారు. రెండు చుక్కల నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

అన్నీ బాగుండి కూడా పప్పు పలుకుగానే ఉందంటే మూడు అనుమానాలు. పప్పు పాతది, నీళ్లు బోరువి, లేదంటే చింతపండు ముందే పడింది. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, మెదిపాకే వేయాలి. పాత పప్పుని అరగంట వేడినీళ్లలో నానబెట్టండి, ఉడికించడానికి మంచినీళ్లు వాడండి.

మా ఇంట్లో మాత్రం అసలు జబ్బు లెక్కలది. నేను స్నానానికి వెళ్తూ "మూడు విజిళ్లకి కట్టెయ్‌రా" అని మావాడికి చెప్తాను. చెవిలో ఇయర్‌ఫోన్లతోనే తలూపుతాడు. వచ్చి "ఎన్నొచ్చాయి?" అంటే "వచ్చాయి" అంటాడు. పాప రెండంటుంది. వరండాలో పేపర్ చదువుతున్న మామయ్య ఐదంటారు, అందులో పక్కింటి కుక్కర్‌వి ఎన్నో ఆయనకీ తెలీదు. నేను లెక్క మానేశాను. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి, ఫోన్‌లో ఎనిమిది నిమిషాల అలారం. నానిన కందిపప్పుకి అది సరిపోతోంది.

సమస్య: సరిగ్గా చుట్టాలొచ్చినప్పుడే గ్యాస్ అయిపోతుంది

ఇది యాదృచ్ఛికం కాదు. ఆరుగురికి వండే పొయ్యి మీద పదిమందికి వండితే ఎప్పుడో అయిపోవాల్సింది ఆరోజే అవుతుంది. ఇంటి సిలిండర్‌లో పట్టేది 14.2 కిలోలు. ఎంత మిగిలిందో చూడాలంటే తడిగుడ్డతో సిలిండర్‌ని పైనుంచి కిందిదాకా తుడవండి. లోపల ద్రవం ఉన్నంత మేర చల్లగా ఉంటుంది కాబట్టి తడి ఆలస్యంగా ఆరుతుంది. ఆరిన చోటికీ ఆరని చోటికీ మధ్య గీతే మీ మట్టం. మా మామయ్య ఈ గీత చూడ్డానికి కళ్లజోడు తెచ్చుకుని మరీ కూర్చుంటారు.

అయిపోయిందనుకున్న సిలిండర్‌ని పడుకోబెట్టి, దొర్లించి ఇంకో పూట లాగుదామనుకోవద్దు. ద్రవం పైపులోకి వస్తే మంట ఎలా లేస్తుందో చెప్పలేం. సిలిండర్ నిండుగా ఉండి కూడా మంట పసుపుపచ్చగా వస్తూ గిన్నెలు మసిబారుతుంటే తప్పు బర్నర్‌ది. పొంగిన పాలు చిల్లుల్లో ఎండిపోయాయి. చల్లారాక తీసి, పిన్నీసుతో చిల్లులు పొడిచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి.

వాసన వస్తే మాత్రం నవ్వులాట లేదు. రెగ్యులేటర్ కట్టేయండి, కిటికీలు తలుపులు తీయండి, లైటూ ఫ్యానూ స్విచ్చి వేయొద్దు, తీయొద్దు. ఇంట్లోంచి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

మనుషుల కారణం: రెండో సిలిండర్ ఖాళీగా మూలన ఉంది, దాని మీద ఎవరో చీపురు, పాత సంచులు పెట్టారు. బుక్ చేశారని ప్రతివాళ్లూ ఇంకొకళ్ల గురించి అనుకున్నారు. సిలిండర్ మార్చిన రోజే క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి, అదేరోజు ఇంకోటి బుక్ చేయండి. మా క్యాలెండర్‌లో పాలవాడు రాని రోజులకీ సున్నాలే, అందుకని గ్యాస్‌కి చతురస్రం పెట్టుకున్నాం.

చిన్నాచితకా

రిమోట్ పలకట్లేదు: అరచేతిలో కొట్టడం మా ఆయన వైద్యం. ఒక్కోసారి పనిచేస్తుంది, ఎందుకంటే సెల్స్ కాస్త కదిలి స్ప్రింగుకి తగులుతాయి. ఆ పని కొట్టకుండా కూడా చేయొచ్చు. సెల్స్‌ని అక్కడే వేలితో రెండుసార్లు తిప్పండి. ముందువైపు చిన్న బల్బుని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కండి. తెరమీద ఊదారంగు మెరుపు కనిపిస్తే రిమోట్ బతికే ఉంది, టీవీని చూడండి. అసలు రిమోటే కనిపించకపోతే, చివరిసారి సీరియల్ చూసినవాళ్లని లేచి నిలబడమనండి.

స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి: లోపలి గ్లాసులో ఐసునీళ్లు పోసి, బయటిదాన్ని వేడినీళ్లలో నిలబెట్టండి. లోపలిది ముడుచుకుంటుంది, బయటిది సాగుతుంది, మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. మాకు ఇరుక్కున్నవి పెళ్లికొచ్చిన గ్లాసులు. పైదాని మీద అత్తయ్య అక్కగారి పేరు చెక్కి ఉంది, లోపలిదాని మీద మా పిన్ని పేరు. ఇరవై నిమిషాలకి విడిపోయారు.

ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం లేదు: ఉండదు. అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటుంది. పాప మూడుసార్లు మోసపోయాక మూత మీద పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. ఇప్పుడు "గోంగూర" అని రాసి ఉన్నదాంట్లోనే ఐస్‌క్రీం దాస్తోంది.

ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది: సాధారణంగా కండెన్సర్ పోయుంటుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి. కొత్తది వేశాక కూడా నీరసమే అయితే రెగ్యులేటర్ దగ్గరికెళ్లి చూడండి, మామయ్య రెండులో పెట్టి దుప్పటి కప్పుకుని ఉంటారు.

సమస్య: పెళ్లికి బయల్దేరలేకపోతున్నాం

లక్షణం: అందరూ గుమ్మం దగ్గరే ఉన్నారు, ఎవరూ దాటరు. ముహూర్తం 10:42కి. టైం 9:50. "ఎక్కడున్నారు?" అని ఫోనొస్తే మా ఆయన చెప్పుల స్టాండ్ పక్కన నిలబడి "దార్లోనే ఉన్నాం" అంటారు.

కారణం: గ్యాస్ కట్టామా, గీజర్ తీశామా అన్న అనుమానం. లిఫ్టు దగ్గరకెళ్లి ఒకళ్లు, కారెక్కాక ఒకళ్లు వెనక్కొస్తారు. వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగుతారు. ఆపైన బాత్రూం.

పరిష్కారం: ఫోటో. తాళం వేసేముందు రెగ్యులేటర్‌నీ, గీజర్ స్విచ్చినీ ఫోన్‌లో ఫోటో తీసుకోవడం. దార్లో అనుమానం వస్తే కారు తిప్పక్కర్లేదు, ఫోన్ తీస్తే చాలు. ఈ పద్ధతి పెట్టాక ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు, మొన్నటిదాకా. మొన్న సిగ్నల్ దగ్గర అత్తయ్య "గ్యాస్ కట్టావా అమ్మా?" అన్నారు. గర్వంగా ఫోటో తీసి చూపించాను. రెగ్యులేటర్ కట్టే ఉంది. అత్తయ్య ఫోటోని వేళ్లతో పెద్దది చేశారు. స్టవ్ పక్కన గట్టు మీద, పసుపు బొట్టు పెట్టిన చదివింపుల కవరు తెల్లగా కనిపిస్తోంది.

"అక్కడెవరు పెట్టారు?" అన్నారు కారులో నలుగురూ ఒక్కసారే.